గడియారమున్న ఆఖరి రకం

నేను ఒక నెట్‌వర్క్ చిప్పుని. గోరంత ఉంటాను. ఒక కంప్యూటరు నుంచి ఇంకో కంప్యూటరుకి వెళ్ళే కబురు నా గుమ్మం దాటాల్సిందే. మా జాతికంతటికీ అదే పని. నాలో మాత్రం ఒక మూల చిన్న గడియారం ఉంది. కబురు గుమ్మంలో కాలు పెట్టిన క్షణాన్నే గుర్తు వేస్తుంది. గడియారం లేని చిప్పులు కబురుని లోపలికి తోసేస్తాయి. అది వరసలో నిలబడి తన వంతు వచ్చాక, అప్పుడు కంప్యూటరు తీరిగ్గా టైము చూసుకుంటుంది. సినిమాలు చూసుకునేవాళ్ళకి ఆ కాస్త ఆలస్యం ఒక లెక్కా?

నన్ను గీసింది హైదరాబాదులో హైమవతి అనే ఇంజనీరు. నా తర్వాతి రకం గురించి మీటింగు జరిగిన రోజు, నన్ను బిగించిన కార్డు ఆ బల్ల మీదే ఉంది.

"ఈ గడియారాన్ని ఎంతమంది వాడుతున్నారమ్మా?" అన్నారు మేనేజరు సుదర్శనంగారు.

"వందకి ఒకరు కూడా లేరండీ. కానీ ఆ ఒక్కరికి ఇంకో దారి లేదు."

"చిప్పులో అది తినే చోటు గురించి నాకు బాధ లేదు. ఎండలో నడుస్తుందా, చలిలో నడుస్తుందా అని ఎవరు పరీక్షించాలి? తేడా వస్తే ఫోనెవరెత్తాలి? పోయిన వానాకాలమంతా మీవాళ్ళిద్దరు దీనికే అతుక్కుపోయారు. అవతల అందరూ వేగం, వేగం అంటున్నారు."

ఆయన చెడ్డవాడేం కాదు. చెప్పినదాంట్లో అబద్ధమూ లేదు. హైమవతి కాసేపు నా వైపు చూసి, "సరేనండీ, తీసేద్దాం" అంది. నాకు తమ్ముడు పుట్టాడు. మహా వేగం. గడియారం లేదు.

పాతబడ్డ కార్డులతో పాటు నన్నూ అమ్మేశారు. సికింద్రాబాదులో పాత సామాన్ల కొట్టులో నన్ను ఏరుకున్నది రాజమల్లు. గోదావరి పక్క ఒక బొగ్గుగనిలో అతని పని రాళ్ళ చప్పుడు వినడం. పైకప్పు కూలేముందు లోలోపల చిట్లుతుంది. ఆ చప్పుడు అక్కడక్కడా బిగించిన మైకులకి ఒకదాని తర్వాత ఒకటిగా చేరుతుంది. దేనికి ఎంత ముందు చేరిందో తెలిస్తే చిట్లిన చోటు తెలుస్తుంది. అతను మొదట మా తమ్ముళ్ళనే కొన్నాడు. వాళ్ళు టైము అటూ ఇటూ చేసి, చిట్లిన చోటుని ఒకసారి ఈ సొరంగంలో, ఇంకోసారి పక్క సొరంగంలో చూపించారట. అందుకే మమ్మల్ని వెతికి, ఒక్కో మైకు వెనక ఒక్కొక్కరిని పెట్టాడు.

ఒక పొద్దున మైకులు వరసగా పలికాయి. మేం గుర్తులు వేశాం. రాజమల్లు కిందికి ఫోను చేశాడు. ఎత్తింది ఆ పూట కూలీల మీద పెద్ద, ఓదెలు.

"ఓదెలన్నా, మూడో సొరంగం కప్పు పలుకుతుంది. మందిని తీస్కరా."

"ఇప్పుడే కప్పుని కడ్డీతో కొట్టి చూసిన, గట్టిగనే ఉన్నది. నిరుడు గిట్లనే ఉత్తగ పనాపిచ్చినవ్!"

"నిరుడు నాకు జాగ సరిగ తెల్వలేదన్నా. ఇప్పుడు తెలుసు. తీస్కరా."

గొణుక్కుంటూనే అందరూ పైకొచ్చారు. అన్నాలు తింటుండగా కప్పు కూలింది. ఓదెలు చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. కింద ఎవరూ లేరు. కాబట్టి పేపర్లో వార్తా లేదు. జరగని చావుల్ని ఎవరు లెక్కపెడతారు?

మరునాడు రాజమల్లు మా కంపెనీకి ఫోను చేశాడు. ఒక అమ్మాయి ఎత్తింది.

"ఈ గడియారమున్న రకం మళ్ళ చేస్తరా మేడం?"

"మీకెన్ని కావాలి సర్?"

"ఆరు."

"ఆరు వేలా సర్?"

"ఆరమ్మా."

ఆ అమ్మాయి గొంతు తగ్గించి, "పైవాళ్ళకి చెప్తాను సర్" అంది.

అది జరిగి ఏళ్ళయింది. ఆ ఆరూ రాలేదు. దుమ్ముకీ వేడికీ నా తోటివాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయారు. నేనూ అలసిపోయాను. మిగిలినవాళ్ళం ఒక్క సొరంగాన్నే వినగలం. ఏ సొరంగమో రోజూ పొద్దున రాజమల్లే ఎంచాలి. తీగలు పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడతాడు. తర్వాత ఒకచోట తగిలిస్తాడు. మిగతా సొరంగాల్లోకి కూడా మనుషులు దిగుతూనే ఉన్నారు.