కుడి భుజం

రాంజీ బల్ల మీద బోర్లా పడుకుని ఉన్నాడు. ఫిజియోథెరపిస్టు రుచిత బొటనవేలు అతని మెడకూ కుడి భుజానికీ మధ్య కండను నెమ్మదిగా వెతుకుతోంది. చింతగింజంత ముడి ఒకటి వేలి కింద తగిలింది.

"గదే బిడ్డా" అన్నాడు పళ్లు బిగబట్టి.

మహబూబాబాద్ మార్కెట్ యార్డులో మిర్చి బస్తాలు మోసే హమాలీ రాంజీ. అరవైకి దగ్గరపడ్డాడు, అయినా మొండిఘటం. హమాలీ ఎంత బలశాలైనా బస్తాను తనంతట తాను భుజానికెత్తుకోలేడు, ఎత్తిపెట్టేవాడు ఒకడు ఉండాలి. రాంజీకి ఆ ఒకడు జైపాల్. తండా నుంచి వచ్చిన ఇతనూ, నెల్లికుదురు నుంచి వచ్చిన అతనూ మూతి మీద మీసం రాకముందు నుంచీ జోడీ. జైపాల్ ఎత్తేవాడు, రాంజీ మోసేవాడు. కల్లు తాగినా, తగువు పడినా ఇద్దరూ కలిసే.

భుజం నొప్పికి ఇక్కడ సూది పెడతారని ఎవరో చెబితే రాంజీ పోయిన వారం మొదటిసారి వచ్చాడు. తీరా చూస్తే వెంట్రుకంత సన్నటి సూది. సిరంజి లేదు, మందు లేదు. పాపం, ఈ పిల్ల దగ్గర మందు అయిపోయినట్టుంది అనుకుని, "చీటి రాసియ్యి బిడ్డా, మెడికల్ షాపుల నేనే తెస్త" అన్నాడు. రుచిత నవ్వాపుకోలేక నానా తిప్పలు పడింది. ముడిపడ్డ చోట గుచ్చితే కండ తనే ఉలిక్కిపడి వదులవుతుందనీ, దానికి మందు అక్కర్లేదనీ ఓపికగా చెప్పింది. నమ్మాడో లేదో గానీ రెండు రోజులు హాయిగా నిద్రపోయాడు. ఆ తర్వాత మళ్లీ బస్తాలకు పోయాడు, మళ్లీ పట్టేసింది.

"సూది పెట్టినంక రేపటిదాంక సలుపుతది కాకా. ఇయ్యాల బరువు మొయ్యనంటెనే పెడ్త" అంది రుచిత.

"యార్డుకు పోను. ఒక్క బరువే ఉన్నది."

"ఏం బరువు?"

"జైపాల్ పోయిండు బిడ్డా, రాత్రి."

రుచిత చేయి ఆగిపోయింది. నెలల తరబడి మంచాన పడ్డ మనిషే. పోతాడని అందరికీ తెలుసు. తెలిసినంత మాత్రాన దుఃఖం తగ్గుతుందా! తెల్లారగానే అతని భార్య అరుణ ఫోన్ చేసి, పాడెకు ముందు భుజం నువ్వే పట్టాలె అన్నా, అని ఏడ్చింది. రాంజీ చేయి చూస్తే చెవి దాటి పైకి లేవడం లేదు. నడిదారిలో భుజం జారితే జైపాల్‌ను కింద పడేసినవాడినవుతానని అతని భయం. ఆ భయమే పొద్దున్నే ఆటో ఎక్కించి ఇక్కడికి తెచ్చింది.

"ఎడమ భుజం మీద మొయ్యరాదా కాకా?"

రాంజీకి చర్రున కోపం వచ్చింది. "ఇన్నేండ్లు వాడు బస్తా పెట్టింది గీ భుజం మీదనే. గిప్పుడు వాన్ని ఎడమ దాని మీద పెట్టుకుంటనా?"

రుచిత సూది అందుకుంది. కండను వేళ్లతో పైకి పట్టుకుని సూది దించింది. గాలానికి పడ్డ చేపలా కండ ఒక్క ఎగురు ఎగిరింది. వేళ్ల కొసల దాకా జివ్వుమంది. "యాడీ!" అని అమ్మను తలుచుకుని అరిచి, వెంటనే సిగ్గుపడ్డాడు. ఆమె కాపడం పెట్టి, కాసేపాగి చేయి ఎత్తించి చూసింది. చెవి దాటింది.

"గిది మోసినంక బస్తా ముట్టద్దు. నా మీద ఒట్టు."

రాంజీ తలూపాడు.

మధ్యాహ్నం నెల్లికుదురులో పాడె లేపే వేళకు ముందుకు వెళ్లి వంగి, ఊపిరి బిగబట్టి, కళ్లు మూసుకున్నాడు. కర్ర వచ్చి భుజానికి ఆనింది. అంతే. బరువే రాలేదు. వెనకాల ఎవరో ఇంకా ఎత్తలేదు కాబోలనుకుని తల తిప్పి చూశాడు. మిగతా ముగ్గురూ ఎత్తే ఉన్నారు.

వాగు దాకా నడిచాడు. సగం దారిలో జైపాల్ మేనల్లుడు మధు పక్కకు వచ్చి, "కాకా, జర నాకియ్యి, అలిసినవ్" అన్నాడు. రాంజీ ససేమిరా అన్నాడు. భుజం జారలేదు, అడుగు తడబడలేదు.

అంతా అయ్యాక స్నానం చేసి వచ్చి, తడిబట్టలతో జైపాల్ వాకిట్లో కూలబడ్డాడు. గడపలో కూర్చున్న అరుణ తన ఏడుపు ఆపుకుని అడిగింది. "భుజం నొచ్చిందా అన్నా?"

"నొయ్యలే చెల్లె." భుజం తడుముకున్నాడు. "మిర్చి బస్తంత గూడ లేడు వాడు. జర నొస్తె బాగుండు చెల్లె. నొస్తెనన్న బాగుండు."

తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకుని పసివాడిలా ఏడ్చాడు. నలుగురిలో అతను ఏడవడం అదే మొదలు.

సాయంత్రం తండాకు పోతూ యార్డు దగ్గర ఆటో ఆపించాడు. షెడ్డులో మేస్త్రీ, "రేపు లారీ ఉన్నది, జల్ది రావాలె" అన్నాడు.

"నేనిగ రానన్నా" అన్నాడు రాంజీ.

స్తంభానికి కొట్టిన మేకుకు, బస్తాల్లో గుచ్చి లాగే ఇనుప కొక్కేలు రెండు వేలాడుతున్నాయి. తనది తీసి సంచిలో వేసుకున్నాడు. రెండోదాని మీదికి చేయి పోయింది గానీ, తీయడానికి మనసొప్పలేదు. వెనక్కి చూడకుండా బయటికి నడిచాడు. జైపాల్ కొక్కెం కాసేపు ఊగి ఆగింది. దాని పిడికి చుట్టిన పాత లుంగీ ముక్క, అతని వేళ్లు ఆనినంత మేరా చెమటకు నల్లబడి ఉంది.