ఓనరు కింద ఉంటారు

ఎల్బీ నగర్ మెట్రో దిగి రెండు సందులు తిరిగితే ప్రసన్నకుమార్ గారి ఇల్లు. పేరుకి తగ్గట్టే ఆయన ప్రసన్నంగా ఉంటారు, కిరాయి తీసుకునేటప్పుడు మరీను. సొంతూరు తెనాలి వైపు. దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు లేడీస్ హాస్టళ్లు నడుపుతారు. అక్కడ పప్పు పల్చగా, లాభం చిక్కగా ఉంటుంది. ఆయన కాపురం పై అంతస్తులో. కింద ఒక గదీ, వంటిల్లూ నల్లగొండ నుంచి వచ్చిన జంగయ్య కుటుంబానివి. జంగయ్య నీళ్ల ట్యాంకరు తోలతాడు. అతని భార్య సుమిత్రమ్మ ప్రసన్నకుమార్ గారి హాస్టల్లోనే వంట చేస్తుంది. అంటే తల మీద కప్పూ ఆయనదే, పొయ్యి మీద కుండా ఆయనదే.

ఈ ఏడు జంగయ్య కూతురు జ్యోతికకీ, పైవాళ్లబ్బాయి వంశీకృష్ణకీ ఒకే కాలేజీలో సీటొచ్చింది. హయత్‌నగర్ దాటాక వెలిసిన ప్రైవేటు లిబరల్ ఆర్ట్స్ కాలేజీ. అందులో బాగా లిబరల్‌గా ఉన్నది ఫీజే. అయితే ఇంటి అవసరాన్ని బట్టి ఫీజంతా మాఫీ చేసే స్కాలర్‌షిప్పులు కొన్ని ఉన్నాయి. వాటికి నిరుపేద అయితే చాలదు, నిరూపించుకున్న పేద కావాలి. అందుకని కాలేజీ మనిషి ఇంటికొచ్చి చూసి వెళ్తుంది. ఆ స్కాలర్‌షిప్పు వస్తే జ్యోతిక చరిత్ర చదువుతుంది. రాకపోతే ఆ పిల్ల చదువు చరిత్రలో కలిసిపోతుంది. వంశీకి రాకపోతే వాళ్ల నాన్న కొనబోయే కారు కాస్త ఆలస్యమవుతుంది.

మేడం వచ్చే రోజు పొద్దున్నే ప్రసన్నకుమార్ గారు కిందికి దిగారు.

"సుమిత్రమ్మా, ఆవిడ మీ ఇంటికీ వస్తుందిగా. నేల మీద కూర్చోబెడతావా ఏంటి? మా సోఫా దింపిస్తాను, ఇవాళ్టికి వాడుకో."

సుమిత్రమ్మ మొహం విచ్చుకుంది. "మీ దయ సార్. నేనే అడుగుదామనుకున్న, నోరు రాలే."

సోఫా దిగింది. చల్లటి నీళ్లివ్వాలిగా అంటూ ఫ్రిజ్జు దిగింది. ఏ సాకూ చెప్పకుండానే టీవీ దిగింది. పైన ఉత్త గచ్చు మీద చాప పరిచి, ఆయన భార్య వేదవతి గారు పాత చీరలో కూర్చున్నారు. ఇంట్లో పాత చీర దొరక్క సుమిత్రమ్మనే అడిగి తీసుకున్నారు. కలిమి కిందికి దిగింది, లేమి పైకెక్కింది.

జ్యోతిక తల్లిని వంటింట్లోకి లాగింది. "అమ్మా, గామె మనకేం లేదని చూడనీకే ఒస్తున్నది. గిదంతా ఏంది?"

"ఇంటికొచ్చిన మనిషికి మన లేమి చూపెడ్తమా? సిగ్గుగాదా? నీ మార్కులు చూడదా గామె?"

"మార్కులు సీటుకమ్మా. ఫీజు మాఫీకి సామాన్లు చూస్తరు."

"చూడనీ. సామాన్లున్నయిగా."

కాలేజీ నుంచి వచ్చినామె పేరు బిందుమాధవి. చేతిలో ట్యాబు. ముందు పైకెళ్లింది. ప్రసన్నకుమార్ గారు చాప మీద మఠం వేసుకుని, హాస్టళ్లు నష్టాల్లో ఉన్నాయనీ, తల దాచుకోడానికి ఈ వాటా అద్దెకు తీసుకున్నామనీ చెప్పుకున్నారు. ఇల్లు అత్తగారి పేరున ఉంది కాబట్టి అది ముప్పావు అబద్ధమే.

"మరి ఓనరు?"

"కింద ఉంటారండీ."

కింద సుమిత్రమ్మ ఆమెను సోఫాలో కూర్చోబెట్టి, పక్కింటి నుంచి తెచ్చిన పింగాణీ కప్పులో చాయ్ పోసింది. పళ్లెంలో ఉస్మానియా బిస్కెట్లు పెట్టింది.

"ఇంట్లో ఇబ్బందులేమైనా ఉన్నాయా ఆంటీ?"

"మాకేం తక్కువ బిడ్డ. దేవుని దయతోని మంచిగనే ఉన్నం. చాయ్ తాగు, సల్లారుతది."

బిందుమాధవి ఫ్రిజ్జునీ టీవీనీ చూసి ట్యాబులో ఏదో నొక్కింది. "పైన అద్దెకున్నవాళ్లు మీకు కిరాయి సరిగ్గా ఇస్తున్నారా? పాపం, పరిస్థితి బాలేనట్టుంది."

సుమిత్రమ్మకి ముందు అర్థం కాలేదు. గుమ్మం వైపు చూసింది. మెట్ల మీద ప్రసన్నకుమార్ గారు నిలబడి ఉన్నారు. బతిమాలలేదు, బెదిరించలేదు. కిరాయి రోజున చూసినట్టు చూస్తున్నారంతే.

జ్యోతిక నోరు తెరిచింది. తల్లి ఆ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇస్తరు బిడ్డ," అంది సుమిత్రమ్మ. "మంచోళ్లు."

కొన్నాళ్లకి ఫోన్లలో కబురొచ్చింది. వంశీకి ఫీజంతా మాఫీ. జ్యోతిక దరఖాస్తులో రాసినదానికీ, ఇంట్లో కనిపించినదానికీ పొంతన లేదట. సోఫా చూసి సాఫ్‌గా కొట్టేశారు. ఉపకార వేతనంలో ఉపకారం పై అంతస్తుకి, వేదన కింది గదికి.

కాలేజీకి పోయి ఉన్నదంతా చెప్తానని జంగయ్య చెప్పులేసుకున్నాడు.

"చెప్పి, మళ్ల ఏడికొస్తవ్?" అంది సుమిత్రమ్మ. "గీ గదిల ఉండనిస్తరా? రేపు నాకు పనుంటదా?"

అతను చెప్పులు విడిచాడు. "నన్ను తిట్టు బిడ్డ," అంది సుమిత్రమ్మ కూతురితో. జ్యోతిక తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

చరిత్ర మడతలు విప్పుదామనుకున్న పిల్ల ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ షోరూములో పట్టుచీరల మడతలు విప్పుతోంది.

ఒక సెలవు రోజున వంశీకృష్ణ ఫోను పట్టుకుని కిందికొచ్చాడు. "జ్యోతికా, చిన్న హెల్పు. స్కాలర్‌షిప్ ఇచ్చిన దాతకి లెటర్ రాయాలంట. చిన్నప్పటి నుంచి పడ్డ కష్టాలు రాయమన్నారు."

"రాయి."

"నాకేం తెలుసు? నువ్వు చెప్పు, నేను టైప్ చేసుకుంటా."

"చెప్పు బిడ్డ, ఓనరు కొడుకు," అంది సుమిత్రమ్మ పొయ్యి దగ్గర్నుంచి, ఇటు తిరగకుండానే.

జ్యోతిక చెప్పింది. వాన నీళ్లు గదిలోకొస్తే పుస్తకాలు మంచమెక్కించి తాము నిలబడిన సంగతి. ఊరందరికీ నీళ్లు పోసే నాన్న ఇంట్లో బిందె ఎండిన వేసవి సంగతి. హాస్టల్లో మిగిలిన అన్నం అమ్మ డబ్బాలో తెస్తుంటే, గేటు దగ్గర సార్ మూత తీయించి చూసిన సంగతి.

వంశీ వేళ్లు ఆగాయి. "అది వద్దులే. మిగతావి సూపర్. ఇంకేమైనా ఉన్నాయా?"

"ఉన్నయ్," అంది జ్యోతిక. "గవి మాకుంచు."