మర్నాటి కూత

బైండింగక్క పొద్దున్నే జిగురు ఉడికించి, చిరిగిన బడి పుస్తకాలు వరసగా పేర్చుకుని కూర్చుంటుంది. గిరాకీ వస్తే మాట్లాడదు. కత్తిరించగా మిగిలిన కాగితం ముక్క మీద ‘బుధవారం రండి’ అని రాసి చూపిస్తుంది. మూగది కాదు. గొంతు శుభ్రంగా ఉంది, తొమ్మిదేళ్ళుగా గుసగుస దాటి వాడలేదంతే.

ఆ వీధిలో గట్టిగా అన్న మాట మర్నాడు అదే వేళకి ఒక్కసారి మళ్ళీ వినపడుతుంది. అందుకే కూరలాయన రోజు విడిచి రోజు కేకేస్తాడు. మిగతా రోజుల్లో వీధే ఆయన తరఫున కేకేస్తుంటే, తాపీగా బండి తోసుకుంటూ పోతాడు. మొగుడూ పెళ్ళాలు గుసగుసల్లో పోట్లాడుకుంటారు. కొత్తగా అద్దెకొచ్చిన వాళ్ళకి కుళాయి ఎప్పుడొస్తుందో చెప్పి, ఆ చేత్తోనే ఈ సంగతీ చెబుతారు.

తొమ్మిదేళ్ళ కిందట, వీధి చివరింట్లో ఉండే చెల్లెలితో అమ్మ కుట్టుమిషను ఎవరికన్న దగ్గర మాటా మాటా పెరిగింది. “ఇక నీ గడప తొక్కితే నన్ను చెప్పుతో కొట్టు!” అని అక్క అరిచి వచ్చేసింది. సాయంత్రానికే కోపం చల్లారింది. తప్పు ఒప్పుకుందామని మర్నాడు వెళ్ళి చెల్లెలి గడప మీద కాలు పెట్టిందో లేదో, వీధి ఆ మాటే మళ్ళీ అరిచింది. చెల్లెలు మొహం మీద తలుపేసింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. అక్క ఆ పూటే నోటికి తాళం వేసుకుంది.

ఇప్పుడు చెల్లెలి కోళ్ళల్లో ఒక కుర్ర పుంజు ఎదిగొచ్చి పాత పుంజుని తన్ని తగిలేసింది. సగం తోక ఊడిన పాత పుంజు తిన్నగా వచ్చి బైండింగక్క బల్ల కింద దూరింది. గింజ ముట్టదు, కూయదు. అక్కని మాత్రం ఒక్క అడుగు వదలదు. ఆమె గుమ్మం దాటితే తానూ గుమ్మం దాకా వస్తుంది.

“ఆదివారం దాకా చూస్తుందట మీ చెల్లెలు. అప్పటికీ తినకపోతే కూర వండేస్తుందట” అని కూరలాయన కబురు మోసుకొచ్చాడు.

తరిమేస్తే ఎలా ఉంటుందో అక్కకి ఇంకొకరు చెప్పాలా? తోడుందనుకుని తింటుందేమోనని అద్దం తెచ్చి ముందు పెట్టింది. పుంజు దాన్ని ఢీకొట్టి తల పగలగొట్టుకుంది. పక్కవీధి నుంచి ఒక పెట్టని అరువు తెచ్చింది. అది పుంజుని నెత్తిన నాలుగు పొడిచి, గింజలన్నీ తినేసి వెళ్ళిపోయింది.

“అద్దమూ పెట్టా కాదక్కా, పలకరింపు కావాలి దానికి” అన్నాడు కూరలాయన. “తన్ని తరిమింది కాక ఇంకో పుంజు పలకరిస్తే ఇది కూస్తుంది. ఇది కూసిందా, పెట్టలు వాటంతటవే వస్తాయి. కూయని పుంజుని ఎవరు లెక్కచేస్తారు?”

అక్క తలుపు మూసి, చిన్నగా “కొక్కొరొకో” అంది. పుంజు ఆమె నోటి వంక చూసి, జాలిపడ్డట్టు మొహం తిప్పుకుంది. మనిషి నోరు కదులుతుంటే ఏ పుంజు నమ్ముతుంది? నోరు కనపడకుండా కూత రావాలి. అది చేయగలిగింది వీధి ఒక్కటే.

“దానికేం భాగ్యం, నేను కూస్తా” అని కూరలాయన బుధవారం కూశాడు. గురువారం వీధి దాన్ని తిరిగి వినిపిస్తే, చివర్లో ‘ఉల్లిపాయలో’ అన్నట్టే సాగింది. పుంజు కదల్లేదు. ముగ్గురు మాత్రం సంచులు పట్టుకుని బయటికొచ్చారు.

ఇక మిగిలింది శుక్రవారం. ఆ రోజు కూస్తేనే శనివారానికి అందుతుంది. బైండింగక్క చేతుల జిగురు కడుక్కుని వీధి మధ్యకి వచ్చి నిలబడింది. తన గుమ్మం వంక ఒకసారి వెనక్కి చూసుకుంది. కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

“భయమెందుకక్కా, ఎవర్నీ తిట్టడం లేదుగా” అన్నాడు కూరలాయన.

మొదట దగ్గొచ్చింది. ఆ తర్వాత పొట్టలోంచి, తొమ్మిదేళ్ళ తుప్పు వదిలించుకుంటూ, వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా కూత సాగింది. గుమ్మంలో ఉన్న పుంజు ఆమె నోటినే చూస్తూ నిలబడింది. పిల్లలు నవ్వారు. అక్కకి సిగ్గేసింది, కానీ లోపలికి పారిపోలేదు. ఒకటికి రెండు మంచిదని మళ్ళీ కూసింది.

శనివారం ఆమె పుస్తకానికి అట్ట అంటిస్తుంటే, వీధి ముందు దగ్గింది, తర్వాత కూసింది. పుంజు తల విదిలించి అక్క నోటి వంక చూసింది. నోరు మూసే ఉంది. రెండో కూత వచ్చింది. పుంజు బల్ల కింద నుంచి బయటికొచ్చింది, ఒళ్ళు దులుపుకుంది, లెక్కల పుస్తకాల దొంతరెక్కి మెడ చాచి కూసింది. గదిలో కాగితాలు లేచి పడ్డాయి. అక్క చేతిలో అట్ట అలాగే పట్టుకుని ఏడ్చేసింది.

అటు చివర రెక్కల చప్పుడు. మెడ మీద ఈకల్లేని ముసలి పెట్ట ముందు, మరో మూడు వెనక, వీధంతా పరిగెత్తి బైండింగక్క గుమ్మంలోకి దూసుకొచ్చాయి. కుర్ర పుంజు చెల్లెలి గోడ మీదే నోరెళ్ళబెట్టి ఉండిపోయింది. ముసలి పెట్ట పాత పుంజు పక్కన చేరి, చెదిరిన దాని ఈకలు ఒక్కొక్కటే సర్దసాగింది. పుంజు దిగి, తొలిసారి గింజ ఏరుకుంది.

పెట్టల వెనకే చెల్లెలు రొప్పుతూ వచ్చి గడప బయట ఆగిపోయింది.

“నా కోళ్ళు లోపలికొచ్చాయి” అంది, గోడ వంక చూస్తూ.

అక్క చెయ్యి కాగితం ముక్క కోసం వెళ్ళింది. అందిన ముక్కని నలిపి పారేసింది.

“నువ్వూ రావే!” అంది, వీధి అదిరిపోయేలా.

చెల్లెలు చప్పున తలెత్తింది. “నిన్న కూసింది నువ్వేనటగా? పిల్లి తోక తొక్కినట్టుంది.”

“నా కూత సంగతి సరే. లోపలికొస్తావా, మళ్ళీ కూయమంటావా?”

చెల్లెలు నవ్వాపుకోలేక, కళ్ళు తుడుచుకుంటూ గడప దాటింది.

ఆదివారం ఎవరూ కూర వండలేదు. అదే వేళకి వీధి “నువ్వూ రావే!” అని పిలిచింది. గంట ముందే వచ్చి పుస్తకాలకి దారం ఎక్కిస్తున్న చెల్లెలు, పని ఆపకుండా గొంతెత్తింది.

“వచ్చేశానక్కా!” అని అరిచింది, సోమవారం కూడా వీధి ఆ మాట చెప్పాలని.