బాల్కనీలో బకెట్టు

ఆ పిల్లని బిల్డింగులో అందరూ కలెక్టరమ్మ అనేవాళ్ళు. పెద్దయ్యాక కలెక్టరవుతుందని కాదు, ఇంటింటికీ తిరిగి పాత బ్యాటరీలు కలెక్ట్ చేస్తుందని. ఆ పేరు పెట్టింది వాళ్ళ నాయనమ్మే. "మా కలెక్టరమ్మ వసూళ్ళకి బయల్దేరింది, తలుపులు తియ్యండర్రా!" అని మెట్ల మీంచి కేకేసి నవ్వేది.

ఇదంతా స్కూల్లో సైన్స్ టీచర్ చెప్పిన మాటతో మొదలైంది. చెత్తలో పారేసిన బ్యాటరీల విషం మట్టిలోకి దిగుతుందని, అక్కణ్ణించి తాగేనీళ్ళలో కలుస్తుందని చెప్పిందావిడ. "మీరు పోగుచేసి ఉంచండి. నెలాఖరుకి వ్యాను వచ్చి పట్టుకెళ్తుంది" అంది. మిగతా పిల్లలు నాలుగిళ్ళు తిరిగి ఊరుకున్నారు. ఈ పిల్లది ఉడుంపట్టు. రిమోట్లలోవి, గోడగడియారాల్లోవి, విరిగిన బొమ్మల్లోవి, ఏదీ వదల్లేదు. కింద ఫోన్లు బాగుచేసే షాపతను సంచెడు పాత ఫోన్ బ్యాటరీలు చేతిలో పెట్టాడు. వాటిలో కొన్ని చిన్న దిండ్లలా ఉబ్బి ఉన్నాయి.

"ఇవేంటంకుల్, ఇలా ఉన్నాయి?"

"ఏం కాదమ్మా, చచ్చిన పాములు. పట్టుకుపో" అన్నాడతను, పీడ విరగడైనట్టు.

నెలాఖరు వచ్చింది గానీ వ్యాను రాలేదు. హెడ్మాస్టర్ని అడిగితే, "వస్తారులే. అందాకా మీ ఇంట్లోనే ఉంచు, స్కూల్లో చోటెక్కడిది?" అన్నాడు. బ్యాటరీలన్నీ పోసిన ప్లాస్టిక్ బకెట్టు బాల్కనీలో, ఆరేసిన బట్టల కింద ఉండిపోయింది. ఎండలు ముదిరాయి. ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసి చేసి నడుం పడిపోయి ఇంటికొచ్చే అమ్మ, "అది ఎప్పుడు తీస్తావే?" అనేది. "రేపమ్మా" అనేది పిల్ల.

ఆ మధ్యాహ్నం పిల్ల ముందుగదిలో చాప మీద నిద్రపోతోంది. "లేవే, బయటికి పో!" అన్న అరుపుకి ఉలిక్కిపడి లేచింది. గదంతా తెల్లటి పొగ, గొంతు కోసేసే వాసన. నాయనమ్మ రెండు చేతులా మండుతున్న బకెట్టు పట్టుకుని బాల్కనీలోంచి లోపలికొస్తోంది. బాల్కనీలోంచి విసిరేద్దామంటే కింద చిన్నపిల్లలు ఆడుకుంటున్నారు. వదిలేద్దామంటే పైన బట్టలు అంటుకుంటున్నాయి. ప్లాస్టిక్ కరిగి ఆవిడ చేతులకి అతుక్కుంటున్నా బాత్‌రూం దాకా మోసుకెళ్ళి, లోపల పడేసి, తలుపు మోచేత్తో నెట్టింది. అక్కడే గోడవారన కూలబడిపోయింది.

ప్రాణం దక్కింది. దక్కింది ప్రాణం మాత్రమే. వేళ్ళు ముడుచుకుపోయి అతుక్కున్నాయి. ఊపిరితిత్తుల్లోకి పోయిన పొగ మాట మాటకీ ఆయాసమై మిగిలింది.

చుట్టుపక్కలవాళ్ళు ఎవరి చేతులు వాళ్ళు దులుపుకున్నారు. "మేమిచ్చినవి రిమోట్‌వి, వాటికంత దమ్మెక్కడిది?" అన్నారు. పిల్ల షాపతని దగ్గరకెళ్ళి నిలబడింది.

"ఉబ్బినవి మీరిచ్చినవే అంకుల్."

"నేనిచ్చానా? ఎవరు చూశారు?" అని అతను షట్టరు సగం దించేశాడు. హెడ్మాస్టరేమో, పిల్ల తనంతట తను చేసిన పనికి స్కూలుకేం సంబంధమన్నాడు. టీచర్ ఒక్కసారి ఆసుపత్రి వరండా దాకా వచ్చి, లోపలికి రాలేక ఏడుస్తూ వెళ్ళిపోయింది.

కాలగా మిగిలినవాటిని అమ్మ ఒక రేకుడబ్బాలో ఇసక పోసి అందులో పాతిపెట్టింది. ఇవాళే తీసెయ్యాలని బిల్డింగువాళ్ళు గొడవ. అమ్మ డబ్బా ఎత్తుకుని వీధి చివర చెత్తకుండీ దాకా వెళ్ళింది. పిల్ల వెనకే పరిగెత్తి కొంగు పట్టుకుంది.

"అమ్మా, అందులో వద్దు."

అమ్మ చెంప ఛెళ్ళుమనిపించింది. అంతకుముందు ఎన్నడూ చెయ్యెత్తని మనిషి. కొట్టిన చేతిని చూసుకుంది.

"మరెక్కడ పారెయ్యమంటావే?" అంది.

ఇద్దరూ దారిలో కనిపించినవాళ్ళనల్లా అడిగారు. చెత్తలారీ డ్రైవరొకడు ఊరి చివర చెత్తలారీలు ఆగే యార్డులో ఇలాంటివి తీసుకుంటారని చెప్పాడు. ఆ డబ్బాతో బస్సెక్కడానికి భయమేసి నడిచే వెళ్ళారు. యార్డులో రేకుల షెడ్డు కింద ఇసక పోసిన ఇనప డ్రమ్ము ఉంది. కాపలాదారు డబ్బా అందుకుని, బ్యాటరీలు ఒక్కొక్కటే పటకారుతో తీసి ఇసకలో పెట్టాడు. డ్రమ్ము దాదాపు ఖాళీగా ఉంది.

"ఇది ఎప్పట్నించి ఉంది?" అమ్మ అడిగింది.

"నేను చేరకముందు నించే ఉందమ్మా. తెచ్చేవాళ్ళేరీ? ఉందని ఎవరికి తెలుసు గనక?"

అమ్మ ఖాళీ డబ్బా పిల్ల చేతికిచ్చి నడక మొదలుపెట్టింది. నాయనమ్మకి అన్నం తినిపించే వేళ దాటిపోతోందని ఇద్దరూ గబగబా అడుగులేశారు.