రెండేళ్ళు పెద్ద పుస్తకాలు

ఆదివారం సాయంత్రం ఆ టైలరు షాపు ముందు నుంచి పోయేవాళ్ళు ఒక్క నిమిషం ఆగి, లోపలికి తొంగిచూసి, మెచ్చుకుని మరీ వెళ్ళేవారు. చూడముచ్చటైన దృశ్యమే. కుట్టు మిషను మీద గుడ్డ కప్పి ఉండేది. కత్తిరింపు బల్లకి ఒక పక్క టైలరు, ఇంకో పక్క ఆయన కూతురు. ఇద్దరి మధ్యా దిండంత లావు పుస్తకం.

"ఈ వారం ఎన్ని పేజీలయ్యాయమ్మా?"

"ముప్ఫై నాన్నా."

"ఏముంది అందులో?"

పన్నెండేళ్ళ ఆ పిల్ల గడగడా నాలుగు వాక్యాలు అప్పజెప్పేది. కుట్టిన బట్టలు తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టేవారు. "మాకే కొరుకుడు పడదండీ ఆ పుస్తకం, మీ అమ్మాయి నమిలి మింగేస్తోంది" అనేవారు. "ఏదో లెండి" అని టైలరు పైకి అనేవాడు గాని, ఆ మాటతో ఆయన ఛాతీ కొలత రెండంగుళాలు పెరిగేది.

అయ్యా, మీరూ నేనూ ఆ దారిన పోయుంటే మనమూ మెచ్చుకునేవాళ్ళమే. ఆ నాలుగు వాక్యాల్లో రెండు మొదటి పేజీలోవని, రెండు ముప్ఫయ్యో పేజీలోవని, మధ్య పేజీలు ఆ పిల్ల తిప్పను కూడా లేదని మనకి మాత్రం ఎలా తెలుస్తుంది? కన్నతండ్రికే తెలియలేదు.

టైలరు చెడ్డవాడు కాడు. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో చెడ్డవాళ్ళెవరూ లేరు. పదమూడో ఏట ఆయన బడి మానేసి మిషను తొక్కడానికి కూర్చున్నాడు. పిల్లల బట్టలు కుట్టడంలో ఆయనకి ఆయనే సాటి. చొక్కా తెచ్చినా గౌను తెచ్చినా ఒకటే సలహా ఇచ్చేవాడు. "ఎదిగే పిల్లలండీ. రెండేళ్ళు పెద్దది కుడతాను. లోపల గుడ్డ మడిచిపెడతాను. పిల్ల పొడుగైనప్పుడల్లా కాస్త విప్పుకుంటే సరి." తల్లులకి ఆ మాట ఎంతో నచ్చేది. ఆయన కుట్టిన గౌన్లు అక్కా చెల్లీ ఇద్దరూ తొడుక్కున్నా ఇంకా పనికొచ్చేవి.

ఆ అలవాటునే ఆయన పుస్తకాలకీ పట్టించాడు.

కూతురికి అయిదేళ్ళప్పుడు వాళ్ళ పిన్ని ఒక బొమ్మల పుస్తకం తెచ్చిచ్చింది. పెద్దవాళ్ళ బూట్లు తొడుక్కుని బజారుకి బయల్దేరిన ఒక బాతు కథ అది. పేజీకి ఒక్క వాక్యం, మిగతా అంతా బొమ్మ. ఆ పిల్లకి ఆ బాతంటే ప్రాణం. కాజాలు కుడుతూ కూర్చున్న తల్లి ఒళ్ళో పుస్తకం పడేసి "ఇంకోసారి చదువమ్మా, ఇంకొక్కసారే" అని చంపుకు తినేది. బాతు బురదలో జారిపడే పేజీ రాకముందే పకపకా నవ్వడం మొదలుపెట్టేది. నెల తిరిగేసరికి ఆ వాక్యాలన్నీ తనే వేలు పెట్టి చదవసాగింది. ఎవరూ నేర్పలేదు. బాతే నేర్పింది.

టైలరు అది చూసి సంతోషపడ్డాడు. ఆ సంతోషంలోనే ఒక పొరపాటు చేశాడు. "దీనికి చదువు అబ్బింది. ఇంకా ఎన్నాళ్ళీ బాతు?" అని ఆ పుస్తకాన్ని పక్కింటివాళ్ళకి ఇచ్చేసి, ఏడేళ్ళవాళ్ళు చదివే పుస్తకం కొనుక్కొచ్చాడు. బొమ్మలు తక్కువ, సంగతులు ఎక్కువ. పిల్ల రెండు రోజులు బాతు కోసం ఏడ్చింది. మూడో రోజు కొత్త పుస్తకం తెరిచింది. అర్థం కాలేదు. "ఎదిగేకొద్దీ అదే అర్థమవుతుందిలే" అన్నాడు తండ్రి. ఏడేళ్ళు వచ్చి ఆ పుస్తకం తనకి సరిపోయే వేళకి అది అటకెక్కి, తొమ్మిదేళ్ళవాళ్ళ పుస్తకం బల్ల మీదికొచ్చింది. ఇలా ఏనాడూ ఆ పిల్లకి తన వయసు పుస్తకం చేతికి రాలేదు.

బట్టలు వదులైతే పిల్లలు ఊరుకోరు, జారిపోతోందని గోల చేస్తారు. పుస్తకం వదులైతే మాత్రం నోరెత్తరు. తప్పు తమదేననుకుంటారు. ఈ పిల్లా అలాగే అనుకుంది. తన బుర్రే మొద్దుదని నిర్ణయించుకుని, ఆ సంగతి నాన్నకి తెలియకుండా ఉండటానికి మొదటి పేజీ, చివరి పేజీ బట్టీ పట్టడం నేర్చుకుంది. అంత చిన్న పిల్ల అంత పెద్ద బరువుని ఒక్కతే మోసింది.

బళ్ళో పంతులమ్మ ఒకసారి తల్లిని పిలిచి చెప్పింది కూడా. "మీ అమ్మాయి గబగబా చదువుతుందండీ. ఏం చదివావంటే మాత్రం నేలచూపులు చూస్తుంది. కథ చెబితే నవ్వదు, ప్రశ్న అడగదు." తల్లి ఆ మాట ఇంటికొచ్చి చెబితే టైలరు కొట్టిపారేశాడు. "అది చదివే పుస్తకాల ముందు వాళ్ళ పాఠాలొక లెక్కా? దానికి విసుగు పుట్టుంటుంది" అన్నాడు. తల్లికి అనుమానం తీరలేదు. కానీ ఆవిడా అంతగా చదువుకోలేదు. ఆయన మాటకి ఎదురు చెప్పడానికి ధైర్యం చాల్లేదు.

ఆ వీధి చివర ఒక లైబ్రరీ ఉంది. దాన్ని చూసుకునే పెద్దావిడని అందరూ లైబ్రరీ మేడం అంటారు. ఒకరోజు ఆవిడ కోటు చేతులు పొట్టి చేయించుకోడానికి షాపుకొచ్చింది. గుడ్డపేలికల కుప్ప మీద కూర్చుని గుండీలు పేర్చుకుంటున్న నాలుగేళ్ళ పిల్లాణ్ణి చూసింది. వాడు టైలరు కొడుకు. మర్నాడు కోటు కోసం వస్తూ వాడికి సంచీ నిండా పుస్తకాలు తెచ్చింది.

"ఇన్నెందుకండీ? అక్షరాలు కూడా రావు వాడికి" అన్నాడు టైలరు.

"రాకపోతేనేం? అట్టపుస్తకాలు, చింపినా చిరగవు. ఈ వయసులో బొమ్మ చూసి కథ అల్లుకుంటారు. ఇదిగో, ఈ ఎలుగుబంటికి ఎక్కడా నిద్ర పట్టదు. వాడికి ఇదొక్కటి నచ్చినా చాలు." ఆవిడ పుస్తకాలు బల్ల మీద పరుస్తూ చెప్పుకుపోయింది. "ఏడెనిమిదేళ్ళకి పెద్ద అక్షరాలు, చిన్న వాక్యాలు, కడుపుబ్బ నవ్వించే కథ ఉండాలి. పదేళ్ళు దాటితే వాళ్ళకే సవాలక్ష సందేహాలొస్తాయి. చీమ ఎటు పోతుంది, ఓడ ఎందుకు మునగదు అని. అప్పుడు సంగతులు చెప్పే పుస్తకం ఇస్తే వదలరు. ముందే ఇస్తే ముట్టరు."

టైలరు మర్యాదకి తలూపాడు. "మా పెద్దదానికి అవన్నీ ఎప్పుడో అయిపోయాయండీ" అన్నాడు. మేడం బల్ల పక్కన కూర్చున్న అతని కూతురి వంక చూసింది. కళ్ళు పుస్తకం మీదే ఉన్నాయి. చాలాసేపటి నుంచి పేజీ తిరగలేదు. ఆవిడకి ఏదో అర్థమైనట్టుంది గాని, నలుగురిలో ఏమీ అనలేదు.

మరుసటి వారం టైలరు యూనిఫాంల మూట బళ్ళో ఇచ్చి రావడానికి వెళ్ళాడు. పని తొందరగా తెమిలింది. తిరిగొచ్చేసరికి షాపులో ఎవరూ కనబడలేదు. భార్య వెనకగదిలో ఇస్త్రీ చేస్తోంది. మూలన, వచ్చినవాళ్ళు బట్టలు తొడుక్కుని చూసుకోడానికి కట్టిన పరదా ఉంది. దాని వెనక నుంచి నవ్వు వినిపించింది.

ఎవరి నవ్వో ఆయన పోల్చుకోలేకపోయాడు. సొంత కూతురి నవ్వు తండ్రి పోల్చుకోలేకపోవడమేమిటని అడుగుతారేమో. ఏడేళ్ళయింది ఆయన ఆ నవ్వు విని.

పరదా తీశాడు. కింద కూతురు కూర్చుని ఉంది. తమ్ముడు ఒళ్ళో నిద్రపోతున్నాడు. ఆ పిల్ల ఎలుగుబంటి పుస్తకం ముందేసుకుని, ఒక్కతే, కళ్ళ నీళ్ళొచ్చేటట్టు నవ్వుతోంది. నవ్వుతూ నవ్వుతూ తలెత్తి తండ్రిని చూసింది.

ఆ మొహం తెల్లగా పాలిపోయింది. పుస్తకాన్ని చటుక్కున వీపు వెనక దాచేసింది.

"చదవట్లేదు నాన్నా. తమ్ముడికి చూపిస్తున్నా, అంతే. వాడు పడుకున్నాడు. నా పుస్తకం చదువుతా ఇప్పుడు. తప్పయిపోయింది నాన్నా."

దొంగతనం చేసి పట్టుబడ్డవాళ్ళలా వణుకుతోంది పిల్ల. ఏం చేసిందని? నవ్వింది.

టైలరు పరదా మెల్లగా దించేసి, మిషను దగ్గర కూర్చోకుండానే లైబ్రరీకి నడిచాడు. మేడం ఎదుట కుర్చీలో కూలబడి జరిగింది చెప్పాడు. "దానికి మంచి చేద్దామనుకున్నానమ్మా. నాకు లేనిది దానికి ఉండాలనుకున్నాను" అన్నాడు.

"ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీరు కొలత తియ్యకుండా గుడ్డ కోస్తారా?"

"లేదండీ."

"మరి పుస్తకం కొనే ముందు పిల్లని ఎందుకు కొలవలేదు? వయసు చూడాలి. ఆ వయసులో కూడా తను ఎంతవరకు చదవగలదో, దేనికి నవ్వుతుందో, దేని గురించి అడుగుతుందో చూడాలి. బట్టలు మడిచి కుట్టొచ్చు. పుస్తకాన్ని ఎలా మడుస్తారు? పన్నెండేళ్ళ పిల్ల చిన్నపిల్లల పుస్తకం చదివిందని బాధపడకండి. అది తను ఆగిపోయిన చోటు. అక్కణ్ణించే మళ్ళీ నడిపించండి."

"మళ్ళీ నడుస్తుందంటారా?"

"తీసుకురండి చూద్దాం. తన ఇష్టానికి వదిలేయండి" అంది మేడం.

మర్నాడు సాయంత్రం తండ్రీ కూతుళ్ళు లైబ్రరీకి వెళ్ళారు. టైలరు ఉన్న బట్టల్లో మంచివి వేసుకున్నాడు. పిల్లల గదిలో అరలన్నీ రంగురంగుల పుస్తకాలు. కింది వరసలో అట్టపుస్తకాలు, మధ్యలో నవ్వించే కథలు, ఆ పైన చీమల గురించీ ఓడల గురించీ. ఇద్దరు ముగ్గురు పిల్లలు నేల మీద బోర్లా పడుకుని చదువుకుంటున్నారు.

"నీ ఇష్టం తల్లీ. ఏది నచ్చితే అది తీసుకో. నేనేమీ అడగను. పేజీలు లెక్కపెట్టను. నీకు నవ్వొచ్చేది తీసుకో" అన్నాడు టైలరు.

ఆ పిల్ల అరల మధ్య నడిచింది. మధ్య వరసలో ఒక పుస్తకం దగ్గర ఆగింది. అట్ట మీద గొడుగు పట్టుకున్న కప్ప బొమ్మ ఉంది. చెయ్యి చాపింది. వేళ్ళు ఆ కప్పని తాకాయి. పెదవుల దగ్గర ఏదో కదిలింది. టైలరు ఊపిరి బిగబట్టాడు.

అంతలో ఆ పిల్ల తల తిప్పి తండ్రి మొహం చూసింది. చెయ్యి వెనక్కి తీసుకుంది. ముందుకు నడిచి, పై అరలో, మునివేళ్ళ మీద లేచి, అన్నిటికన్నా లావుగా ఉన్న పుస్తకాన్ని రెండు చేతులా దింపుకుంది. గుండెకి హత్తుకుని తండ్రి దగ్గరికి వచ్చింది.

"ఇది తీసుకుంటా నాన్నా. నీకు నచ్చిందా?"

మేడం మొహం పక్కకి తిప్పుకుంది. టైలరు ఆ గదిలో, అంతమంది పిల్లల ముందు, వెక్కి వెక్కి ఏడ్చాడు. నాన్న ఎందుకేడుస్తున్నాడో ఆ పిల్లకి అర్థం కాలేదు. ఇంకా లావు పుస్తకం తీసుకురావాలేమోనని మళ్ళీ అర వైపు చూసింది.

అమ్మలారా, నాన్నలారా! బడిలో పాఠం తప్పితే మళ్ళీ చెప్పించవచ్చు, మార్కులు తగ్గితే వచ్చే ఏడు తెచ్చుకోవచ్చు. మీ పిల్లలు రేపు ఎంతవాళ్ళవుతారో ఊహించుకుని పుస్తకాలు కొనకండి, ఇవాళ వాళ్ళు ఎంత ఉన్నారో కూర్చుని చూసి కొనండి. తనకి ఏది ఇష్టమో తనకే తెలియకుండా పోయిన బిడ్డకి ఆ ఇష్టాన్ని తిరిగి తెచ్చిపెట్టే పుస్తకం ఏ లైబ్రరీలోనూ దొరకదు.