ఒంటి ముళ్లచెట్టు దగ్గర ఎడమకు

జార్లత్ గుండె పట్టుకుని పశువుల కొట్టంలో కూలబడగానే, అట్రాక్టా పాల బకెట్టు అక్కడే వదిలేసి వంటింట్లో ఫోను దగ్గరికి పరుగెత్తింది. అంబులెన్సు పంపిస్తున్నామని, దారి చెప్పమని ఆసుపత్రి అమ్మాయి అడిగింది.

"వంతెన దాటాక కొలిమి దగ్గర కుడికి తిరగమను తల్లీ. క్విగ్లీ వాళ్ళ ఇల్లు దాటాక, దిబ్బ మీద ఒంటి ముళ్లచెట్టు కనబడగానే ఎడమకు. ఆ దారి చివర మా ఇల్లే."

"ఆయన్ని ఒంటరిగా వదలకండి," అని ఆ అమ్మాయి ఫోను పెట్టేసింది.

అట్రాక్టా కొట్టంలోకి వచ్చి మొగుడి తల ఒళ్ళో పెట్టుకుంది. ఆయన ముఖం పాలిపోయి ఉంది.

"డ్రైవరు మనవాడేనా?" అన్నాడు.

"కొత్తవాడట. డబ్లిన్ నుంచి వచ్చాడట."

"దారేం చెప్పావు?"

చెప్పింది. జార్లత్ కళ్ళు మూసుకున్నాడు. "చెట్టు ఎక్కడుందే? నేనే కొట్టేశాగా!"

అట్రాక్టాకు అప్పుడు గుర్తొచ్చింది. చెట్టు ఒక్కటేనా! క్విగ్లీ వాళ్ళ ఇంటి కప్పు ఎప్పుడో కూలింది, గోడల రాళ్ళు తలా కాసిని పట్టుకుపోయారు. ఇక కొలిమి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆమె ఈ క్లూన్‌బెగ్‌కు కోడలిగా రాకముందే దాన్ని పడగొట్టారు. తను కంటితో చూడని కొలిమి దగ్గర కుడికి తిరగమని ఇన్నేళ్ళుగా అందరికీ చెబుతూనే ఉంది, వాళ్ళూ తిరుగుతూనే ఉన్నారు. అడిగేవాళ్ళు ఇక్కడివాళ్ళే కాబట్టి సరిపోయింది. ఆ డబ్లిన్ వాడికి ఏం కనబడుతుంది?

ముళ్లచెట్టు మొన్న వసంతం దాకా ఉంది. ట్రాక్టరు మలుపు తిరగడం లేదని జార్లత్ రంపం పట్టుకెళ్ళాడు. ఆ చెట్టులో కంటికి కనబడనివాళ్ళు ఉంటారని, ముట్టుకుంటే ఇంటికి అరిష్టమని ఊరంతా మొత్తుకుంది. వింటేగా! పక్కింటి పీటీ లావిన్ అయితే ఆనాటి నుంచి వీళ్ళ గడప తొక్కలేదు.

"చెట్టు కొట్టినందుకే ఇలా అయిందని మాత్రం అనకు," అన్నాడు జార్లత్ రొప్పుతూ.

"నేనెందుకంటాను? అనడానికి పీటీ లేడూ?"

దూరంగా సైరన్ వినబడింది. దగ్గరైంది, దూరమైంది, బీడు అవతలికి పోయి మళ్ళీ వెనక్కి వచ్చింది. ఆమెకు కాలు నిలవలేదు. తలుపు దాకా వెళ్ళింది, వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. వదిలి వెళితే తను లేనప్పుడు ప్రాణం పోతుందేమో. ఇక్కడే కూర్చుంటే తన కళ్ళముందే పోతుంది. ఊరినీ, దారుల్నీ, ఆ రంపాన్నీ నోటికొచ్చినట్టు తిట్టింది.

"పోవే, పో," అన్నాడు జార్లత్. "నువ్వొచ్చేదాకా నేనెక్కడికీ పోనులే."

ఆయన తల కింద గడ్డి సర్ది, తీగ మీద ఆరేసిన ఎర్ర దుప్పటి లాక్కుని ఆమె దిబ్బకేసి పరుగెత్తింది. నరికిన చెట్టు మొద్దు మీదికెక్కి, దుప్పటి రెండు చేతులా ఊపుతూ గొంతు చించుకుంది. "ఇటయ్యా! ఇటు! కళ్ళు కనబడటం లేదా నీకు!" కింద రోడ్డు మీద ముందుకు పోతున్న తెల్ల బండి ఆగింది. వెనక్కి తిరిగింది.

ఆకులు రాలే కాలానికి జార్లత్ చిక్కి సగమై ఇంటికొచ్చాడు. ఒకరోజు ఆవుకు కడుపుబ్బింది. తనే వెళ్ళి పశువుల డాక్టరుకు ఫోను చేశాడు.

"వంతెన దాటాక కొలిమి దగ్గర కుడికండి. క్విగ్లీ వాళ్ళ ఇల్లు దాటాక, మా అట్రాక్టా నిలబడిన చోట ఎడమకు."

ఊళ్ళో ఇప్పుడందరూ దారి అలాగే చెబుతున్నారు, పీటీతో సహా. మొగుడి నోట వినడం మాత్రం ఆమెకు అదే మొదటిసారి. కళ్ళు చెమర్చాయి.

"వచ్చేది కొత్త డాక్టరయ్యా," అంది కళ్ళు తుడుచుకుని. "నేను నిలబడింది ఆయనెక్కడ చూశాడు?"

అట్రాక్టా కోటు తొడుక్కుంది. ఎర్ర దుప్పటి చంకన పెట్టుకుని దిబ్బ వైపు నడిచింది.