ప్రవీణ తిరిగి చెప్పిన వ్యాసం

మదీనాగూడలోని ఒక ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. డాక్టర్లు రాసే పరిశోధన వ్యాసాల చివర "సహకరించిన నర్సింగ్ సిబ్బందికి కృతజ్ఞతలు" అని ఒక వాక్యం ఉంటుంది. ఆ సిబ్బందిలో ఈ విమల కూడా ఒకతె, పేరు లేకుండా. ఈసారి వ్యాసం నాది. పైన నా పేరు చూసుకోవాలని పట్టుబట్టి కూర్చున్నాను.

నేను చేసింది పెద్ద ఘనకార్యమేమీ కాదు. మంచం దిగలేని రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే వీపున పుండ్లు పడతాయి. పని హడావిడిలో ఎవరిని ఎప్పుడు తిప్పామో మరిచిపోతాం. అందుకని ప్రతి మంచానికీ ఒక అట్ట గడియారం కట్టాను. రోగిని తిప్పగానే, మళ్లీ ఎప్పుడు తిప్పాలో ఆ టైముకు ముల్లు జరపాలి. అంతకు ముందు ఆరు నెలల్లో పదకొండు మందికి పుండ్లు పడితే, ఆ తర్వాత ఆరు నెలల్లో ఇద్దరికే పడ్డాయి.

ఇదంతా నాకొచ్చిన ఇంగ్లీషులో రాసి తమ్ముడు జోయెల్‌కి చూపించాను. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వాడిది.

"అక్కా, ఇది వ్యాసమా, సరుకుల చీటీయా? ఇలా పంపితే మొహాన కొడతారు" అన్నాడు.

పరిశోధనల్లో వాడే మాటల పట్టిక ఒకటి నెట్‌లో సంపాదించి, ఒక్కో మాట ఇరికించినప్పుడల్లా టిక్కు పెట్టాడు. "రోగిని తిప్పాం" అన్న నా వాక్యం వాడి చేతిలో పడి "పీరియాడిక్ రీపొజిషనింగ్ ఇంటర్వెన్షన్ వాజ్ ఫెసిలిటేటెడ్" అయింది. నిజం చెప్పొద్దూ, నాకూ ముచ్చటేసింది.

దాన్నే ఒక నర్సింగ్ పత్రికకు పంపాను. రెండు నెలలకు జవాబు వచ్చింది. "రచయిత్రి ఏం చేశారో నాకు అర్థం కాలేదు. మూడు వారాల్లో తిరగరాసి పంపగలరు" అని, అచ్చుకు ముందు వ్యాసం చదివి తీర్పు చెప్పే సమీక్షకుల్లో ఒకరి మాట. నాకు ఒళ్లు మండిపోయింది. వీళ్లకు ఇంగ్లీషు రాదా అనుకున్నాను.

మా వార్డులో నేను పెట్టిన నియమం ఒకటుంది. డ్యూటీ దిగే నర్సు చెప్పినదాన్ని ఎక్కే నర్సు తన మాటల్లో తిరిగి చెప్పాలి. చెప్పలేకపోతే ఆ తప్పు మొదట చెప్పినవాళ్లదే, వాళ్లు ఇంటికి వెళ్లడానికి లేదు. మర్నాడు మధ్యాహ్నం డ్యూటీ దిగుతూ, బోరబండ నుంచి వచ్చే నర్సు ప్రవీణకు రోగుల వివరాలన్నీ అప్పగించి, ఆ కోపంలోనే జోయెల్ వాక్యం కూడా చదివి వినిపించాను.

"చెప్పు చూద్దాం."

ప్రవీణ తెల్లముఖం వేసింది. "ఏంది సిస్టర్ గిది? ఇది ఇన్నంక పేషెంటుకు నేనేం జెయ్యాలె?"

"పక్కకి తిప్పాలమ్మా."

"మరి తిప్పాలె అనే రాయొచ్చు కదా! జనాన్ని గింత పరేషాన్ జేసుడెందుకు?"

నా నియమం నా మెడకే చుట్టుకుంది. ఆ రోజు ఇంటికి వెళ్లకుండా క్యాంటీన్‌లో కూర్చుని మొదటి నుంచి రాయడం మొదలుపెట్టాను. తర్వాత రోజూ టీ వేళ ప్రవీణ ఒక్కో వాక్యం విని తన తెలుగులో తిరిగి చెప్పేది. చెప్పలేకపోయిన వాక్యాన్ని కొట్టేసేదాన్ని.

ఒకచోట ఆపింది. "పుండ్లు కొత్తగ పడ్డయే లెక్కవెట్టిన్రా, ఇంటికాడికెంచి తెచ్చుకున్నయి గూడ కలిపిన్రా?"

మంచి ప్రశ్న. కొత్తగా పడ్డవాటికే వాడే "ఇన్సిడెన్స్" అన్న మాట జోయెల్ పట్టికలో ఉంది. దాన్ని ఉంచి, పక్కనే అర్థం రాశాను.

"నూట నలభై టిక్కులక్కా! ఒక్కటే మిగిల్చావు" అని జోయెల్ లబోదిబోమన్నాడు.

"పనిచేసేది ఉంచానురా. మిగతావి నీ ఆఫీసులో వాడుకో."

పంపానే గానీ, లోపల బెరుకే. వాడన్నట్టు మొహాన కొడితే నేను మళ్లీ ఆ కృతజ్ఞతల వాక్యంలోకే.

నెల తర్వాత, వార్డులో ఉండగా మెయిల్ వచ్చింది. వ్యాసం వేసుకుంటున్నారు, నా పేరుతో. కింద, మొదటిసారి అర్థం కాలేదన్న ఆ సమీక్షకుల మాట ఉంది. "నేనూ నర్సునే, ముప్పై ఏళ్ల సర్వీసు. మొదటిసారి అర్థం కానప్పుడు, నా చదువు చాలదేమోనని రెండు రోజులు బాధపడ్డాను. ఇప్పుడు చదివిన వెంటనే మా వార్డులో ఆరు మంచాలకు గడియారాలు కట్టించాను."

ముందు సిగ్గేసింది. ఆ వెంటనే పట్టలేనంత సంతోషం పొంగుకొచ్చింది. ఏడుస్తూ నవ్వుతున్న నన్ను చూసి ప్రవీణ పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది సిస్టర్? మీ పేరు అచ్చుల వస్తుందా?"

"ఆరుగురిని తిప్పుతున్నారే, ప్రవీణా! ఎక్కడో, మనకి తెలియని ఆరుగురిని!"

పేరు కూడా వస్తోందని చెప్పడం సాయంత్రం దాకా గుర్తే రాలేదు.